మనశ్శాంతి, బౌద్ధం, బొమ్మలు: మన సీమలో ఎవరికైనా అనుభవం ఉందా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా సరిగా రావడం లేదు. నేను ఉద్యోగం చేసుకుంటూ ఆయనను చూసుకుంటున్నాను. అమ్మ లేదు. తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు.

పగలు ఎలాగో గడిచిపోతుంది. నాన్న నిద్రపోయాక నా మనసు మేలుకుంటుంది. ఆయన అన్నం పళ్లెం నెట్టేసినప్పుడు నాకు పట్టరాని కోపం వస్తుంది. పైకి ఏమీ అనను. రాత్రి పడుకున్నాక ఆ కోపం గుర్తొచ్చి ఏడుపు వస్తుంది. ఫోనులో ధ్యానం పాఠాలు విన్నాను. కళ్లు మూసుకొని అన్నీ వదిలెయ్యమంటారు. నేను దేన్నీ వదిలెయ్యలేను, ఎనిమిదింటికి ఆయనకు మందు వెయ్యాలి.

చిన్నప్పుడు బొమ్మలు వేసేదాన్ని. ఈ మధ్య మళ్లీ పెన్సిలు పట్టుకొని అమరావతి శిల్పాల ఫోటోలు చూసి గీస్తున్నాను. గీస్తున్నంతసేపు లోపలి గోల తగ్గుతోంది. దీన్ని ధ్యానం అనవచ్చా, లేక ఊరికే మనసు మళ్లించుకోవడమేనా? నాలాగా ఇల్లు కదలలేని మనిషికి బుద్ధుడి మాటల్లో పనికొచ్చేది ఏముంది? తెలిసినవాళ్లు చెప్పండి.

గుత్తి దుర్గం (అనంతపురం జిల్లా)

అమ్మా, ముందు మనకు కూతవేటు దూరంలో ఉన్న ఒక చోటు గురించి చెప్పనివ్వండి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, జొన్నగిరికి దగ్గరగా ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలు, వాటితోపాటు రెండు చిన్న శాసనాలు ఉన్నాయి. 1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటిని గుర్తించాడు. తొలకరి పడగానే ఆ చుట్టుపక్కల చేలల్లో వజ్రాల కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి నేల వెతుకుతారు. వాళ్లలో ఆ బండల దాకా నడిచి వచ్చేవాళ్లు చాలా తక్కువ. అది చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

అక్కడ పదమూడో శాసనం ఉంది. కళింగ యుద్ధంలో లక్షన్నర మందిని చెరపట్టి తరలించారని, లక్ష మంది హతమయ్యారని, అంతకు ఎన్నో రెట్ల మంది చనిపోయారని, అందుకు తాను దుఃఖిస్తున్నానని గెలిచిన రాజే చెప్పి రాతి మీద చెక్కించాడు. ఇంకో సంగతి. కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ బండల మీద ఈ శాసనం వేయించలేదు. ఎవరికి దెబ్బ తగిలిందో వాళ్ల ఊళ్లో లేని ఆ మాట మన ఎర్రగుడిలో ఉంది.

ఆ శాసనాలన్నీ అనువాదంలో చదివాను. బుద్ధుడి మూలబోధ అయిన నాలుగు ఆర్యసత్యాల ఊసు లేదు. నిర్వాణం లేదు. కాళ్లు ఎలా మడవాలో, కళ్లు ఎప్పుడు మూయాలో లేదు. తల్లిదండ్రుల మాట వినాలి, గురువులను గౌరవించాలి, ప్రాణుల పట్ల దయ ఉండాలి, నిజం చెప్పాలి, సేవకులతోనూ దాసులతోనూ సరిగా మెలగాలి అని ఉంది. అందుకే నాకు అనిపించేది, మీరు నాన్నగారికి చేస్తున్న సేవలోనే మీరు వెతుకుతున్నది ఉంది.

రేగడి నేల (ఆదోని)

గుత్తి దుర్గం గారూ, మీ చదువు మీద నాకు గౌరవం ఉంది. కానీ మీ చివరి వాక్యం నాకు రుచించలేదు. మన ఇళ్లలో ఆడపిల్ల నడుము విరిగేలా చాకిరీ చేస్తుంటే, అదే పుణ్యం, అదే ధర్మం అని ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. ఆమె మనశ్శాంతి అడిగితే, ఉన్న పనినే శాంతి అనుకో అంటే ఎలా?

మీరు చెప్పిన శాసనాల్లోనే రెండోది తీసుకోండి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయించానని, మందుమొక్కలు లేనిచోట తెప్పించి నాటించానని, దారుల వెంట బావులు తవ్వించానని అశోకుడు అందులో చెప్పాడు. అంటే రోగిని చూసుకునే బరువు ఇంట్లో ఒక్కరి మీదే వదిలెయ్యకూడదని ఆయనకు తెలుసు. అక్కా, మీ తమ్ముడు ఎంత పంచుకుంటున్నాడు? నా మొదటి ప్రశ్న అదే.

గుత్తి దుర్గం

ఆ ప్రశ్న అడగవలసిందే, దాన్ని నేను కాదనను. రెండో శాసనాన్ని మీరు చదివిన తీరు కూడా నచ్చింది. అయితే ఆమె ఆయనను ప్రేమతో చూసుకుంటోంది. ఆ ప్రేమను చాకిరీ అన్న ఒక్క మాటలో కలిపేస్తే అదీ అన్యాయమే అవుతుంది. ఆమె రాసినదాంట్లో బరువూ ఉంది, మమకారమూ ఉంది.

పది రోజుల మౌనం (కర్నూలు)

తల్లీ, నేను వయసులో పెద్దవాణ్ని. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చినప్పుడు మా దుకాణం మొత్తం పోయింది. నీళ్లు తీశాక మిగిలిన బురద వాసన ఏళ్ల తరబడి నన్ను వదల్లేదు. మబ్బు పడితే చాలు గుండె దడదడలాడేది. ఎవరో చెబితే హైదరాబాదులో విపశ్యన అనే ధ్యానం నేర్పే శిబిరానికి వెళ్లాను.

విపశ్యన గురువు గోయెంకా గారి పద్ధతి అది. పది రోజులు అక్కడే ఉండాలి. తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు. తోటివాళ్లతో మాటల్లేవు, ఫోను లేదు, పుస్తకం కూడా లేదు. ముందుగా పంచశీలాలు, అంటే చంపకపోవడం, దొంగిలించకపోవడం, అబద్ధమాడకపోవడం లాంటి ఐదు నియమాలు పాటిస్తామని ఒప్పుకోవాలి. మొదటి మూడు రోజులూ ముక్కు దగ్గర వచ్చిపోయే శ్వాసను గమనించడమే. నాలుగో రోజున ఒళ్లంతా కలిగే స్పర్శలను, నొప్పులను, దురదలను, వేడిని చూడటం నేర్పుతారు. తిండికీ బసకూ రుసుము లేదు, శిబిరం పూర్తిచేసినవాళ్లు తమకు తోచింది ఇస్తారు.

అక్కడ నాకు తెలిసిందేమిటంటే, భయం అన్నది ముందు ఒంట్లో పుడుతుంది. కడుపులో ఒక బిగుతు, అరచేతుల్లో చెమట. దాన్ని తోసెయ్యకుండా, దానికి కథ అల్లకుండా చూస్తూ కూర్చుంటే అది పెరిగి, కాసేపు నిలిచి, సడలిపోతుంది. మబ్బు పట్టడం ఆగలేదు, నా కడుపు బిగుసుకోవడమూ పూర్తిగా ఆగలేదు. కానీ ఇప్పుడు వాన పడుతుంటే దుకాణంలో కూర్చొని లెక్కలు రాసుకోగలుగుతున్నాను.

నాన్నగారిని వదిలి నువ్వు పది రోజులు వెళ్లలేవు, అది నాకు తెలుసు. శ్వాసను గమనించడం ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. మన కర్నూల్లోనే సుభాష్ పత్రి గారు 1990లో మొదలుపెట్టిన పిరమిడ్ ధ్యానం వాళ్లు నేర్పేది కూడా ఆనాపానసతే, అంటే శ్వాసను గమనించడమే. పిరమిడ్ శక్తి మాట నేను నమ్మను, బుద్ధుడి బోధలో అది లేదు. శ్వాస మాత్రం ఆయన చెప్పిందే.

హంద్రీ ఒడ్డు

మీరు చెప్పినట్టు కూర్చుని చూశాను సార్. కళ్లు మూస్తే శ్వాస కన్నా ముందు నాన్న దగ్గు వినిపిస్తుంది. మనసును పట్టి లాగినకొద్దీ తల నొప్పి పుడుతోంది. బొమ్మ వేసేటప్పుడు మాత్రం అలా కాదు.

పది రోజుల మౌనం

లాగకు తల్లీ. సోణుడనే భిక్షువు అరికాళ్లు నెత్తురు కారేదాకా నడుస్తూ సాధన చేశాడట. అంత చేసినా ఫలితం రాక, ఇల్లు చేరిపోదామా అనుకున్నాడట. అతడు పూర్వాశ్రమంలో వీణ వాయించేవాడు. బుద్ధుడు అతడిని అడిగాడు: తంత్రులు మరీ బిగిస్తే నాదం పలుకుతుందా, మరీ వదులు చేస్తే పలుకుతుందా అని. అంతకుమించి నేను చెప్పవలసింది లేదు. దగ్గు వినిపిస్తే దగ్గునే విను.

తోలుబొమ్మ (ధర్మవరం)

అక్కా, బొమ్మ ధ్యానమేనా అన్నారు కదా, దాని గురించి నాకు చెప్పాలనిపిస్తోంది. నేను నిమ్మలకుంటలో తోలుబొమ్మల పని నేర్చుకున్నాను. మేకతోలును శుభ్రం చేసి, పలుచగా, వెలుతురు కనిపించేలా తయారు చేసుకుంటాం. దాని మీద బొమ్మ గీసి, ఉలితో నగలు, అంచులు రంధ్రాలుగా కొడతాం. రంగులు వేస్తాం. వెనక దీపం పెడితే ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుగే బొమ్మ మెడలో హారం అవుతుంది.

రంధ్రం కొట్టేటప్పుడు మనసు ఎటు పోయినా చేతికి తెలిసిపోతుంది. పక్క రంధ్రంలోకి జారి అంచు చిరుగుతుంది. తోలు మీద రబ్బరు పనిచెయ్యదు. అందుకని ఆ ఒక్క దెబ్బ మీదే ఉండాలి. పెద్దవాళ్లు పని నేర్పేటప్పుడు ధ్యానం అన్న మాట ఎప్పుడూ అనలేదు. రామాయణం బొమ్మ చేసినా, ఇప్పుడు గిరాకీ ఉన్న దీపాల తొడుగులు చేసినా పని అదే.

అయితే ఒకటి. బొమ్మ బాగా వచ్చిందా, నలుగురూ మెచ్చుకుంటారా అన్న ఆలోచన వచ్చిన రోజు నాకు ఏ శాంతీ ఉండదు. మీరు వేసిన బొమ్మలను వెంటనే ఎవరికీ చూపకుండా కొన్నాళ్లు దాచి చూడండి.

సర్కారు నర్సు (నంద్యాల)

ఇక్కడ అందరూ పెద్ద మాటలు మాట్లాడుతున్నారు. నేను చిన్న విషయం అడుగుతాను. మీ నాన్నగారు పళ్లెం నెట్టేసేది అన్నం చూడగానేనా, రెండు ముద్దలు తిన్న తర్వాతా? నీళ్లు తాగేటప్పుడు దగ్గు వస్తుందా? గొంతు గరగరలాడుతుందా?

పక్షవాతం వచ్చినవాళ్లలో చాలామందికి మింగడం కష్టమవుతుంది. నీళ్లు, మజ్జిగ లాంటి పలుచనివి గొంతులో దారి తప్పి ఊపిరి వైపు వెళతాయి. దానివల్ల న్యుమోనియా రావచ్చు. మాట రాని మనిషి ఆ బాధను చెప్పలేరు, పళ్లెం నెట్టేస్తారు. ఇంట్లోవాళ్లు దాన్ని మొండితనం అనుకుంటారు. తప్పకుండా డాక్టరుకు చూపించండి. నిటారుగా కూర్చోబెట్టి, చిన్న ముద్దలు, నెమ్మదిగా పెట్టండి. పడుకోబెట్టి తినిపించవద్దు.

మీ సంగతి కూడా చెప్పాలి. నిద్ర లేదు, రాత్రుళ్లు ఏడుపు వస్తోంది అంటున్నారు. రోగిని చూసుకునేవాళ్లు కుంగిపోవడం నేను వార్డులో రోజూ చూస్తాను. మనసు బాధ చెప్పుకోవడానికి టెలీ మానస్ అనే ఫోను సేవ ఉంది, నంబరు 14416, ప్రభుత్వానిదే, డబ్బు కట్టనక్కరలేదు. తెలుగులో మాట్లాడతారు. మనసు బాగా కుంగినప్పుడు గంటలకొద్దీ మౌనంగా కూర్చునే సాధన కొందరికి బాధను పెంచుతుంది. విపశ్యన శిబిరాల వాళ్లు కూడా చేరే ముందు మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు. ముందు నిద్ర, ఆ తర్వాత ధ్యానం అని నా అభిప్రాయం.

బేతంచర్ల రాయి

నాపరాళ్ల పనిలో ఉన్నవాణ్ని. మీరు అమరావతి శిల్పం గీస్తున్నారంటే సంతోషం వేసింది. ఆ శిల్పాలు చెక్కిన పలనాటి సున్నపురాయి, మన బెలుం గుహలు ఏర్పడిన సున్నపురాయి, రెండింటినీ భూగర్భ శాస్త్రం కర్నూలు సమూహం అనే ఒకే రాళ్ల వర్గం కింద లెక్కకడుతుంది. అంటే ఆ బుద్ధుడి రాయి మన రాయికి బంధువు.

బెలుం చూశారా? కొలిమిగుండ్ల మండలంలో ఉంది. మూడు కిలోమీటర్లకు పైగా పొడవు, అందులో కిలోమీటరున్నర దాకా మనం నడవవచ్చు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త దాని గురించి రాశాడు. 1980లలో గెబౌర్ నాయకత్వంలో జర్మన్లు లోపలంతా కొలిచారు. పూర్వం బౌద్ధ, జైన సన్యాసులు అందులో ఉండేవారని చెబుతారు. లోపల ధ్యానమందిరం అని పిలిచే చోటు ఉంది. సప్తస్వరాల గుహలో రాతి ఊడలను తడితే నాదం వస్తుంది. సెలవు రోజున జనం ఎక్కువ, గోల ఎక్కువ. మామూలు రోజున పొద్దున్నే వెళితే మీ అడుగుల చప్పుడు మీకు వినిపిస్తుంది. లోపల ఉక్కగా ఉంటుంది, నాన్నగారిని తీసుకెళ్లే ఆలోచన వద్దు.

మీరు ఏ శిల్పం గీస్తున్నారు?

హంద్రీ ఒడ్డు

నర్సు గారూ, మీ మాట చదివాక మూడు పూటలూ ఆయన తినేటప్పుడు పక్కన కూర్చొని ఊరికే చూశాను. గట్టి ముద్ద సరిగానే మింగుతున్నారు. చారు, నీళ్లు దగ్గరే దగ్గు. ఆ తర్వాతే పళ్లెం నెడుతున్నారు. ఇన్నాళ్లూ నాకు పళ్లెం నెట్టడం ఒక్కటే కనిపించింది. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. మింగడంలో ఇబ్బంది ఉందని, నీళ్లను కాస్త చిక్కగా చేసి చెంచాతో ఇవ్వాలని చెప్పారు. మాట, మింగడం రెండింటికీ కసరత్తులు నేర్పుతున్నారు. నిన్న ఆయన పళ్లెం నెట్టలేదు.

ఆదోని తమ్ముడూ, నీ ప్రశ్నను మా తమ్ముడికి అలాగే పంపించాను. శని, ఆదివారాలు వస్తానన్నాడు. మొదటి వారం వచ్చాడు కూడా.

రాయి గారూ, నేను గీస్తున్నది నాళాగిరి ఏనుగు పతకం, గుండ్రంగా ఉంటుంది కదా, అది. ఏనుగు దగ్గర ఆగిపోయాను. ఒకే ఏనుగును రెండుసార్లు ఎందుకు చెక్కారో అర్థం కాలేదు.

చెయ్యేరు (నందలూరు)

నాళాగిరి నాకు ఇష్టమైన శిల్పం, అందుకని ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తాను.

కథ మీకు తెలిసే ఉంటుంది. బుద్ధుడంటే గిట్టని దేవదత్తుడు మదపుటేనుగును రాజగృహం వీధిలోకి వదిలించాడు. బుద్ధుడు పక్కకు తప్పుకోలేదు, దాని మీదికీ పోలేదు. మైత్రితో చూశాడు, అది మోకరిల్లింది. శిల్పి ఆ రెండు క్షణాలనూ ఒకే వలయంలో పెట్టాడు. ఒక వైపు ఏనుగు జనం మీద పడి చీల్చేస్తోంది. ఇంకో వైపు అదే ఏనుగు బుద్ధుడి పాదాల దగ్గర వంగి ఉంది. మధ్యలో గోడ లేదు, గీత లేదు. పైన మేడ కిటికీల్లోంచి జనం చూస్తున్నారు. కింద భయంతో పక్కవాళ్లను పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

అక్కా, నాకు తోచింది చెబుతాను. శిల్పి మంచి ఏనుగు ఒకటి, చెడ్డ ఏనుగు ఒకటి అని రెండు చెక్కలేదు. కోపంగా ఉన్నదే శాంతించింది. మీకు పళ్లెం దగ్గర వచ్చిన కోపాన్ని మీరు ఒక పాపంలా చూస్తున్నారు. దాన్ని చంపెయ్యాలని చూడటం కన్నా, దాని ఎదురుగా నిలబడి చూడటం ఆ బుద్ధుడు చేసిన పని. మూడు పూటలు మీరు చేసింది కూడా అదే కదా.

అమరావతిలో ఇంకా పాత శిల్పాలు చూస్తే అసలు బుద్ధుడి రూపమే ఉండదు. ఖాళీ ఆసనం, పాదాల గుర్తులు, బోధివృక్షం, ధర్మచక్రం. ఆ ఖాళీ ఆసనం చుట్టూ అందరూ మొక్కుతుంటారు. మనసు నిలవని రోజున నేను ఫోటోలో ఆ ఖాళీనే చూస్తాను. మా నందలూరు దగ్గర ఆడపూరు కొండ మీద కూడా స్తూపాల శిథిలాలు ఉన్నాయి. శిల్పాలేమీ మిగల్లేదు, ఇటుకలూ రాళ్లే. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లను ఊడ్చుకుపోయిన తర్వాత చాలాసార్లు ఆ కొండెక్కి కూర్చున్నాను. అక్కడి నుంచి ఏరు కనిపిస్తుంది. ముందు దాని మీద కోపమే వచ్చేది.

రేగడి నేల

చెయ్యేరు గారి మాట బాగుంది. నాళాగిరి కథను నేను ఇంకోలా కూడా చూస్తాను. ఏనుగుకు కల్లు పట్టించింది ఎవరు? మావటి చేత వదిలించింది ఎవరు? అది ఊరికే ఉగ్రం కాలేదు. అక్క కోపం వెనక నిద్రలేమి ఉంది, ఒంటరితనం ఉంది, గొంతు సమస్యను ముందే చెప్పని వైద్యం ఉంది. ధ్యానం అవి కూడా చూపించాలి. చూపించకపోతే నాకు ఆ ధ్యానం మీద నమ్మకం కుదరదు.

గుత్తి దుర్గం

దానికి అశోకుడి దగ్గరే తోడు దొరుకుతుంది. ఢిల్లీలో ఇప్పుడు ఉన్న తోప్రా స్తంభం మీద ఏడో శాసనంలో, ధర్మం రెండు దారుల్లో పెరిగిందని ఆయన చెప్పాడు. ఒకటి నియమాలు పెట్టడం, రెండోది లోతుగా ఆలోచింపజేయడం. నియమాలతో జరిగింది తక్కువని, ఆలోచనతో జరిగింది ఎక్కువని రాయించాడు. చేతిలో దండం ఉన్న రాజు ఆ మాట అనడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. మన ఎర్రగుడిలోని పన్నెండో శాసనం కూడా చూడండి. తన మతాన్ని పొగుడుకోవడంలోనూ, ఎదుటివాళ్ల మతాన్ని నిందించడంలోనూ నాలుకను అదుపులో పెట్టుకోమంటుంది. ఇక్కడ మనం వాదించుకున్న తీరు ఆయనకు నచ్చేదనుకుంటాను.

తోలుబొమ్మ

నాకు ఒక కోరిక కలిగింది. ఆ పతకాన్ని తోలు మీద చెయ్యాలని. కిటికీల్లో జనం దగ్గర వెలుగు రావాలి, ఏనుగు దగ్గర రంధ్రాలు తక్కువ ఉండాలి. అక్కా, మీ గీత పూర్తయితే ఫోటో పెడతారా? తొందర లేదు. దాచుకోమన్నది నేనే కదా, దాచుకోవాలనిపిస్తే దాచుకోండి.

హంద్రీ ఒడ్డు

పెడతాను తమ్ముడూ. కిటికీల్లో మనుషులు ఇంకా మిగిలారు. నాన్న మంచం పక్కనే కూర్చొని వేస్తున్నాను. ఆయన ఎడమ చేత్తో కాగితం మీద వేలు పెట్టి చూపిస్తున్నారు. ఏనుగు తొండం వంకరగా ఉందని ఆయన ఉద్దేశమని నాకు అర్థమైంది. నిజంగానే వంకరగా ఉంది, దిద్దాను.

రాత్రుళ్లు నిద్ర ఇంకా సరిగా లేదు. 14416కు ఫోను చేశాను, వచ్చే వారం మళ్లీ మాట్లాడమన్నారు. శ్వాసను గమనించడం నాన్న మందు వేసుకున్న తర్వాత ఆయన పక్కనే చేస్తున్నాను. ఆయన దగ్గినప్పుడు మధ్యలో లేవవలసి వస్తుంది, లేస్తున్నాను.

తమ్ముడు ఉన్న ఒక ఆదివారం ఎర్రగుడి వెళదామనుకుంటున్నాను. బండల దాకా నడక కష్టమా?

గుత్తి దుర్గం

కష్టం కాదమ్మా. పురావస్తు శాఖ రక్షణలో ఉంది. ఎండ ముదిరితే బండలు కాలుతాయి, నీడ తక్కువ. పొద్దున ఏటవాలు ఎండలో అక్షరాలు బాగా తేలుతాయి, నడినెత్తి ఎండలో కనిపించవు. నీళ్లు తీసుకెళ్లండి. పెద్ద శాసనాలు చూసి వెనక్కి తిరిగిపోవద్దు, చిన్న శాసనం తప్పకుండా చూడండి. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి. ముందురోజు ఇక్కడ ఒక మాట రాస్తే నేను గుత్తి నుంచి వస్తాను, పంక్తి పంక్తి చదివి చెబుతాను.

బేతంచర్ల రాయి

ఇద్దరం వస్తాం. నాళాగిరి అసలు శిల్పం మాత్రం చెన్నైలో ఉంది, ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియంలో అమరావతి శిల్పాల గది. ఎవరైనా అటు వెళితే శుక్రవారం పెట్టుకోకండి, ఆ రోజు మ్యూజియంకు సెలవు.